ముందు సీసా, తర్వాతే మాత్ర

పాతబస్తీ మందుల దుకాణాల్లో ‘పెషాబ్ మే జలన్’ అన్న మాట కొత్త కాదు. మన పల్లెల్లో అదే మాటను ‘ఒంటికి పోతే మంట’ అంటారు. భాష వేరు, బాధ ఒకటే. దుకాణదారు రెండు మాత్రలు తుంచి ఇస్తాడు. మరునాటికి మంట తగ్గుతుంది. వారం తిరిగేసరికి మళ్లీ మొదలు. రోగి చక్కెర వ్యాధి ఉన్న పెద్దవయసు స్త్రీ అయితే ఈ రెండు మాత్రల వైద్యం మూత్రపిండాల మీదికి తెస్తుంది.

చక్కెర వ్యాధి ముదిరితే మూత్రాశయం నరాలు మొద్దుబారి మూత్రం పూర్తిగా బయటికి పోదు. నిలిచిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. నెలసరి ఆగిపోయిన స్త్రీలకు సహజ రక్షణ కూడా తగ్గుతుంది. పైగా కొడుకులకు చెప్పుకోలేని జబ్బు కావడంతో చలిజ్వరం వచ్చేదాకా దాచుకునేవారే ఎక్కువ.

క్రిమి ఏదో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చేది మూత్రం కల్చర్ పరీక్ష. యాంటీబయాటిక్ మొదటి మాత్ర మింగకముందే మూత్రం ఇవ్వాలి. జిల్లాల నుంచి ఉస్మానియా ఆసుపత్రికి వచ్చేవారు ఇంటి దగ్గరే ఏదో పాత సీసాలో మూత్రం పట్టి, మూడు గంటలు బస్సులో మోసుకొస్తే ఆ శ్రమ వృథా. ఎండకు దారిలోనే క్రిములు పెరిగి, లేని జబ్బు ఉన్నట్టు కనబడుతుంది. ఆసుపత్రి ఇచ్చే శుభ్రమైన సీసానే వాడాలి. నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టి వెంటనే అప్పగించాలి. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటికి రోగి ఊరు చేరి ఉంటుంది. కాగితం కోసం మనిషిని పంపడానికి బస్సు చార్జీ దండగ అనుకోవద్దు. ఆ కాగితమే అసలు వైద్యం.

జ్వరం లేని మామూలు మంటకు వైద్యులు తరచుగా రాసేది నైట్రోఫురంటాయిన్. సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజులు, అన్నం తిన్నాక వేసుకోవాలి. మూత్రం ముదురు రంగుకు మారితే భయం లేదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి మాత్రం ఇది పనికిరాదు. అందుకే ముందు రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. నీళ్లలో కలిపి ఒకేసారి తాగే ఫాస్ఫోమైసిన్ పొడి కూడా ఉంది.

దుకాణాల్లో సులువుగా దొరికే సిప్రోఫ్లాక్సాసిన్ సంగతి వేరు. మన దేశంలో మూత్రంలో దొరికే ఇ.కోలై క్రిమి చాలావరకు దీనికి లొంగడం మానేసింది. ఇంకో ప్రమాదమూ ఉంది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి చక్కెర మాత్రలు వాడేవారికి దీనివల్ల రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. కోట్రిమాక్సజోల్‌తోనూ అంతే. చెమటలు పట్టి, కాళ్లూ చేతులూ వణికి, మనిషి సోలిపోతే ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు. తెలివి ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. తెలివి లేకుంటే నోట్లో ఏమీ పోయరాదు. రోజూ వాడే మాత్రల చీటీ వైద్యునికి చూపమనేది ఇందుకే.

మంట, జ్వరం ఏమీ లేకుండా పరీక్షలో మాత్రం క్రిములు కనబడితే మందు అక్కరలేదు. కెనడాలో ఇలాంటి 105 మంది చక్కెర వ్యాధి స్త్రీలను మూడేళ్ల వరకు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. మందు ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ తర్వాతి జబ్బుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాగితం మీద ‘బ్యాక్టీరియా’ అన్న మాట చూసి బలమైన మందు అడిగేవారు ఇది గమనించాలి.

మంట కంటే దురద, తెల్లపొర ఎక్కువగా ఉంటే అది బూజు కావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త చక్కెర మాత్రలు చక్కెరను మూత్రం ద్వారా పంపిస్తాయి కాబట్టి వాటితో ఈ బాధ వస్తుంటుంది. యాంటీబయాటిక్ వేస్తే తగ్గదు సరికదా పెరుగుతుంది.

వణుకుతో జ్వరం, నడుముకు ఒక పక్క పోటు, వాంతులు, మాట తడబాటు, మగత – వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగరాదు. చక్కెర వ్యాధి ఉన్నవారిలో కొందరికి మూత్రపిండంలోనే గాలి చేరే తీవ్రమైన జబ్బు వస్తుంది. అప్పుడు మాత్రలు చాలవు, నరానికి ఇంజెక్షన్లు, స్కానింగు కావాలి. ఊళ్లో ఒక సెలైన్ పెట్టించి చూద్దామనుకోకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తరలించాలి.