క్లీన్‌రూమ్‌కి మైలేజ్ ఎట్ల చూస్తారు?

ఫోన్ కొనేముందు అంటుటు స్కోర్ చూస్తారు కదా? అదే బెంచ్‌మార్కింగ్. ఈరోజు అదే పనిని మందులు తయారయ్యే గదికి చేద్దాం.

నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీ వైపు ఒక ఫ్యాక్టరీలో ఏసీలు, చిల్లర్లు చూస్తాడు. దసరాకి ఊరికొచ్చి ఒకటే బాధ. "కరెంటు బిల్లు తగ్గించమంటరు, ఫ్యాన్ ముట్టుకోవద్దంటరు. ఏం చెయ్యాల్రా?"

వాడి బాధ ఉత్తిదేం కాదు. ఐఎస్ఓ క్లాస్ 5 గదిలో, ఒక ఘనపు మీటర్ గాలిలో 0.5 మైక్రాన్లు, అంతకన్నా పెద్ద రేణువులు 3,520 దాటకూడదు. అందుకే గాలిని హెపా ఫిల్టర్ల గుండా మళ్లీ మళ్లీ తిప్పుతారు. గంటకి ఎన్నిసార్లు గది మొత్తం గాలి మారిందో, దాన్ని ఎయిర్ చేంజెస్ అంటారు. చాలా ఫార్మా ప్లాంట్లలో సగానికి పైగా ఎనర్జీ ఈ గాలి పనికే పోతుంది.

మరి పోల్చేదెట్ల? చదరపు అడుగుకి ఎన్ని యూనిట్లు అని చూస్తే మోసపోతాం. మన నిజామాబాద్ మార్కెట్ యార్డుకి పోండి, పసుపు కొమ్ము రేటు వేరు, మండ రేటు వేరు. కొమ్ముని కొమ్ముతోనే పోల్చాలి. ఇక్కడా అంతే, క్లాస్ 5 గదిని క్లాస్ 5తోనే పోల్చాలి. చూడాల్సినవి రెండు నంబర్లు: గంటకి ఎన్ని ఎయిర్ చేంజెస్, ఒక కిలోవాట్‌కి ఫ్యాన్ ఎంత గాలి తోస్తోంది. రెండోదే అసలు మైలేజ్.

కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ వాళ్లు ఇట్లనే చాలా క్లీన్‌రూమ్‌లు కొలిచారు. క్లాస్ 5కి డిజైన్ పుస్తకాలు 250 నుంచి 700 ఎయిర్ చేంజెస్ చెప్తుంటే, కొలిచిన గదులు 90 నుంచి 250 మధ్యలోనే బాగా నడుస్తున్నాయి! అంటే పుస్తకంలో నంబర్ చాలావరకు భయం కోసం పెట్టుకున్నదే. (సాఫ్ట్‌వేర్‌లో కూడా ఎందుకైనా మంచిదని సర్వర్లు డబుల్ తీసుకునేవాళ్లం, నేనూ తీసుకున్నా.)

ఇప్పుడు అసలు మ్యాజిక్. ఫ్యాన్ తినే కరెంటు గాలి పరిమాణానికి ఘనంలో పెరుగుతుంది. గాలి 20 శాతం తగ్గించండి: 0.8 × 0.8 × 0.8, అంటే 0.51. థియరీ ప్రకారం ఫ్యాన్ కరెంటు దాదాపు సగం! ప్లాంట్‌లో అంత రాకపోవచ్చు, ఫిల్టర్లు, ప్రెజర్ సెట్టింగులు అడ్డొస్తాయి. అయినా మస్తు మిగులుతుంది.

కానీ మా వాడు రేపే పోయి నాబ్ తిప్పేస్తే? బ్యాచ్ పోతే, ఆ ఇంజెక్షన్ వేసుకునేది మన ఇంట్లోవాళ్లే. అందుకే మెల్లగా, మెట్టుమెట్టుగా తగ్గించాలి. ప్రతి మెట్టులో రేణువులు లెక్కపెట్టాలి, పక్క గదితో ప్రెజర్ తేడా చూడాలి, పని అయ్యాక గది మళ్లీ శుభ్రం కావడానికి ఎంతసేపు పడుతుందో కొలవాలి. యూరప్ జీఎంపీ గైడ్ దీనికి 20 నిమిషాల లోపు అంటుంది. ఇదంతా క్వాలిటీ వాళ్ల సంతకంతోనే. క్లీన్‌రూమ్‌లో ఎనర్జీ ఆదా కోసమే 2019లో ఐఎస్ఓ 14644-16 అనే స్టాండర్డ్ కూడా వచ్చింది, మేనేజర్‌ని ఒప్పించడానికి అది చేతిలో ఉంటే మంచిది.

మా వాడికి నేను చెప్పింది ఒకటే: ముందు ఏదీ తగ్గించకు, ఒక్కో ఫ్యాన్‌కి విడిగా మీటర్ పెట్టించు. ఇప్పుడు ప్లాంట్ మొత్తానికి ఒకటే బిల్లు వస్తోందట!