అతిథికి ఉల్లికారము: రుచియు, శుచియు

అనుకొనకుండ చుట్టములు వచ్చినపుడు తెలుగింటి వంటగదిలో మొదట చేతికి తగులునది ఉల్లిపాయల బుట్ట. అంగడికి పోవలసిన పని లేదు; అరగంటకు కొంచెము ఎక్కువ కాలములో ఉల్లికారము సిద్ధమగును. అన్నములోనికి, రొట్టెలలోనికి, అట్లలోనికి కూడ అది సరిపోవును. ఇంత సులభమైన వంటకమున ఆరోగ్యమునకు సంబంధించిన విషయము లేముండునని తోచవచ్చును. కాని అతిథికి మర్యాద చేయవలెనను తొందరలో నూనె, ఉప్పు మితిమీరుట, పచ్చి ఉల్లిని ముందుగానే తరిగి బయట ఉంచుట, చేతులు కడుగుకొనుట మరచుట సామాన్యముగా జరుగుచుండును. వీనివలన కలుగు కీడు ఆ పూటనే కనబడదు. అతిథి తన యిల్లు చేరిన తరువాత వాంతులు, విరేచనములు ఆరంభమగును. ఒక యింట జరిగిన పొరపాటునకు మరియొక యింటివారు బాధపడుదురు. కావున అతిథికి వండు వంటలో రుచితోపాటు శుచియు, మితమును పాటించుట గృహస్థుని ధర్మము.

కోని పరిసరములలో ఉల్లిపాయ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి బిలాస్‌పూర్ రైల్వే పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే వలన అది పెరిగినది. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన స్థానముగ నున్నది. 1931లో రాయపూర్–విజయనగరం రైలుమార్గము పూర్తియగుటతో ఉత్తరాంధ్రమునుండి ఈ ప్రాంతమునకు రాకపోకలు సులభమైనవి. రైలు కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములు పలు తరములుగా ఇచట స్థిరపడియున్నవి. బిలాస్‌పూర్ నుండి రతన్‌పూర్ పోవు బాటలో, అర్పా నది చెంత, కోని యున్నది. 1983లో స్థాపింపబడిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయము ఇచటనే కలదు.

ఇట్టి చోట తెలుగువారికిని, ఛత్తీస్‌గఢ్ వారికిని ఆహార విషయమున ఒక చక్కని పోలిక కలదు. రాత్రి మిగిలిన అన్నమును నీటిలో నానవేసి ఉదయమున ఉల్లిపాయ నంజుకొని తినుట ఇరువురికిని అలవాటే. తెలుగువారు దానిని చద్దన్నమందురు. ఛత్తీస్‌గఢ్ వారు బోరే బాసి యందురు. 2022 మే 1వ తేదీన, కార్మిక దినమున, ఆ రాష్ట్ర ప్రభుత్వము బోరే బాసిని గౌరవించి ప్రచారము చేసినది. కనుక తెలుగింట వడ్డించిన ఉల్లికారము ఇరుగుపొరుగు అతిథులకు క్రొత్త వస్తువు కాదు. ఎరిగిన రుచికే మరియొక రూపము.

ఉల్లిపాయలో నేమున్నది?

100 గ్రాముల ఉల్లిపాయలో దాదాపు 88 గ్రాములు నీరే. దానివలన లభించు శక్తి సుమారు 40 కేలరీలు మాత్రమే. కొలదిగ పీచుపదార్థము, విటమిన్ ‘సి’ కలవు. ఉల్లిని కోయునపుడు కణములు చితికి, వానిలోని గంధక పదార్థముల నుండి ఒక వాయువు పుట్టును. అది కంటి తడిలో కలిసి మంట పుట్టించుటచే కన్నీరు కారును. వాడియైన కత్తితో కోసినచో కణములు తక్కువగా చితుకును. కోయుటకు ముందు ఉల్లిపాయలను చల్లని నీటిలో కొంతసేపు ఉంచినను మంట తగ్గును.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన ప్రయోగశాలా పరీక్షలలో, ధాన్యములు, పప్పులతో ఉల్లి, వెల్లుల్లి చేర్చినపుడు వానిలోని ఇనుము, జింకు శరీరము గ్రహించుటకు అనువైన స్థితిలో ఎక్కువగా లభించునని తేలినది. ఉల్లి రక్తహీనతకు మందు కాదు. అయినను అన్నము, పప్పుల ప్రక్కన ఉల్లి నుంచుకొను అలవాటు మంచిదేయని దీనివలన తెలియుచున్నది.

వస్తువులు: ఆరుగురికి

ఉల్లిపాయలు అరకిలో, ఎండుమిరపకాయలు 8, ధనియాలు 2 చిన్న చెంచాలు, జీలకర్ర 1 చిన్న చెంచా, శనగపప్పు 2 చిన్న చెంచాలు, వెల్లుల్లి రెబ్బలు 6, ఉసిరికాయంత చింతపండు, ఆవాలు, కరివేపాకు కొంచెము, నూనె 3 పెద్ద చెంచాలు, అనగా 45 మిల్లీలీటర్లు, అయోడిన్ కలిపిన ఉప్పు తలకొట్టిన చిన్న చెంచా ఒకటి, అనగా సుమారు 6 గ్రాములు.

ఉల్లిపాయలు గట్టిగను, పొడిగను ఉండవలెను. మెత్తబడినవి, చెడువాసన గలవి పారవేయవలెను. పై పొరల నడుమ నల్లని పొడివలె బూజు కనబడినచో ఆ పొరలను తీసివేసి, పాయను బాగుగ కడిగి వాడవచ్చును. బూజు లోపలికి దిగినచో ఆ పాయను వాడరాదు. పొడికారము కంటె ఎండుమిరపకాయలను ఇంట వేయించి దంచుకొనుట మేలు. దానివలన రంగుల కల్తీకి అవకాశము తగ్గును.

చేయు విధానము

మొదట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కత్తిపీటను, పళ్లెములను కడిగి ఆరబెట్టవలెను. మాంసము, చేపలు కోసిన కత్తితో, కడుగకుండ ఉల్లిని తరుగరాదు. ఉల్లిపాయలను ముందు కడిగి, పిమ్మట పొట్టు తీసి, సన్నగ తరుగవలెను.

మూకుడులో శనగపప్పు, ధనియాలు, మిరపకాయలు, జీలకర్ర వరుసగా నూనె లేకుండ దోరగా వేయించవలెను. చల్లారిన పిదప వెల్లుల్లి, చింతపండు చేర్చి రోటిలో గాని, మిక్సీలో గాని బరకగా నూరవలెను.

తరువాత నూనె కాచి, ఆవాలు, కరివేపాకు వేసి, అవి చిటపటలాడగానే ఉల్లి తరుగు వేయవలెను. మూతపెట్టి సన్నని సెగపై పది నిమిషములు మగ్గనీయవలెను. ఉల్లిలోని నీరే దానిని ఉడికించును గనుక ఎక్కువ నూనె అక్కరలేదు. ఇదియే ఈ వంటలోని కీలకము. పిమ్మట మూత తీసి, ముక్కలు బంగారు రంగునకు తిరుగువరకు వేయించి, నూరిన కారము కలిపి, పచ్చివాసన పోవువరకు మరియొక అయిదారు నిమిషములు అడుగంటకుండ త్రిప్పుచుండవలెను. ఉప్పును చివర వేయవలెను. అట్లు చేసినచో అయోడిన్ నష్టము తగ్గును. ఉప్పు డబ్బాకు ఎల్లప్పుడును మూత ఉండవలెను.

చింతపండు పులుపు గలది. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో ఈ కూర వండుట హానికరము. ఇనుప మూకుడులో వండినచో కొంత ఇనుము కూరలో చేరును, అది మంచిదే. కాని వండిన వెంటనే కూరను స్టీలు పాత్రలోనికి మార్చవలెను.

ఉప్పు, నూనెల లెక్క

పెద్దలు దినమునకు 5 గ్రాములకు లోపుగ ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పై కొలత ప్రకారము ఒక్కొక్కరికి చేరునది 1 గ్రాము. ఒక్క నంజుడు వంటకమునకు ఇది చాలును. ఏలనన అదే పళ్లెములో పప్పు, పచ్చడి, అప్పడము కూడ ఉండును. వానిలోను ఉప్పు కలదు. నూనె ఒక్కొక్కరికి సుమారు 7 గ్రాములు. 2024లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన మార్గదర్శకములలో 2,000 కేలరీల ఆహారమునకు నూనెలు, కొవ్వులు 27 గ్రాములుగ సూచింపబడినవి. అనగా దినపు వంతులో నాలుగవ భాగము ఈ ఒక్క వంటకముననే చెల్లిపోవును. నూనె తేలియాడునట్లు వండి, దానినే మర్యాదగ భావించుట తగదు. రక్తపుపోటు, మధుమేహము గల అతిథి మొగమాటముచే “చాలు” నని గట్టిగ చెప్పలేకపోవచ్చును. అట్టివారిని బలవంతపెట్టి మారు వడ్డించుట ఉపకారము కాదు.

అప్పడములు వేయించి మిగిలిన నూనెను ఈ కూరకు మరల మరల కాచి వాడుటయు మంచిది కాదు.

వడ్డనయందు జాగ్రత్తలు

వండిన పదార్థమును రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. బిలాస్‌పూర్ ప్రాంతమున మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుట సాధారణము; ఆ వేడిలో సూక్ష్మజీవులు త్వరితముగ వృద్ధిపొందును. అతిథులు ఆలస్యమైనచో కూరను రిఫ్రిజిరేటరులో ఉంచి, వడ్డించుటకు ముందు పొగలు వచ్చువరకు కాచవలెను. పైపైన వెచ్చచేయుట చాలదు.

పచ్చి ఉల్లి ముక్కలు పెట్టదలచినచో వడ్డనకు ముందే కోయవలెను. వానిని కాచు పని లేదు గనుక కడుగు నీరు త్రాగుటకు తగినదై యుండవలెను. పచ్చి ఉల్లి వలన భయమేమి యని తేలికగ తీసికొనరాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2020లో ఉల్లిపాయల మూలమున సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి వ్యాపించి 1,100 మందికి పైగా జబ్బుపడిరి. 2021లో మరల అట్లే 1,000 మందికి పైగా జబ్బుపడిరి. బాగుగ ఉడికిన ఉల్లికారమునందు ఈ భయము చాల తక్కువ. అతిథులు పలువురు వచ్చినపుడు పచ్చి ఉల్లి కంటె వండిన ఉల్లి మేలగుటకు ఇదియే కారణము.

గుండెమంట, కడుపుబ్బరము గలవారికి ఉల్లి, కారము పడకపోవచ్చును. కొందరు వ్రతదినములలో ఉల్లి తినరు. చిన్నపిల్లలకు కారము తగదు. కావున వంటకు ముందే ఒక మాట అడిగి, వీరికొరకు పెరుగు, పప్పు వేరుగ ఉంచుట మర్యాద.

రెండు అపోహలు

వడగాడ్పుల దినములలో జేబులో ఉల్లిపాయ ఉంచుకొన్నచో వడదెబ్బ తగులదని చాలమంది నమ్మకము. దీనికి ఆధారము లేదు. వడదెబ్బనుండి కాపాడునవి నీడ, నీరు, తలపై గుడ్డ, మధ్యాహ్నపు ఎండలో తిరుగకుండుట. ఒళ్లు కాలిపోవుచు మతి తప్పిన మనిషిని నీడకు చేర్చి, తడిగుడ్డతో చల్లబరచుచు, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఉల్లిని నమ్మి ఆలస్యము చేసినచో ప్రాణాపాయము కలుగవచ్చును.

కోసిన ఉల్లి గాలిలోని రోగక్రిములను పీల్చుకొని గదిని శుద్ధిచేయునను మాటయు నిజము కాదు. కోసిన ఉల్లికి క్రిములు అంటునవి గాలినుండి కాదు. అశుభ్రమైన చేతులు, కత్తి, నీరు, ఈగల మూలముననే. మూతగల పాత్రలో రిఫ్రిజిరేటరునందు ఉంచిన ముక్కలను మరునాడు కూరలో వాడుటకు అభ్యంతరము లేదు.

ఉల్లికారము ఖరీదైన వంట కాదు. దానికి కావలసినది శుభ్రమైన చేయి, మంచి నీరు, తగినంత సెగ, మితమైన ఉప్పు, నూనె. భోజనము చేసిన అతిథి మరునాడును ఆరోగ్యముగ నుండినపుడే ఆతిథ్యము సంపూర్ణమగును.