గురి తప్పని చేయి

ఏ విద్య అయినా అభ్యాసంతోనే వశమవుతుంది. ‘అభ్యాసం కూసు విద్య’ అనే సామెత అందుకే పుట్టింది. అయితే ధనాన్ని గాని, గొప్ప పేరును గాని తెచ్చిపెట్టని విద్య కోసం ఏళ్ళ తరబడి శ్రమించడం వ్యర్థం కాదా అనే సందేహం యువకులకు కలగడం సహజం. అమెరికా క్రీడాకారుడు వాల్టర్ రే విలియమ్స్ జూనియర్ జీవితం ఈ సందేహానికి చక్కని సమాధానం.

గుర్రాల డెక్కలకు లాడాలు కొట్టడం అందరికీ తెలిసిందే. ఆ లాడాలను దూరాన నాటిన మేకుకు గురిపెట్టి విసరడం ఒకప్పుడు అమెరికా పల్లెల్లో మంచి కాలక్షేపం. క్రమంగా అది నియమాలు గల క్రీడగా రూపొందింది. దానినే ‘హార్స్‌షూ పిచింగ్’ అంటారు. కాన్సాస్ రాష్ట్రంలోని బ్రాన్సన్ అనే ఊరిలో 1909లో జరిగిన పోటీని ఈ క్రీడలో తొలి ప్రపంచ పోటీగా పేర్కొంటారు.

ఈ ఆట చూడడానికి సులభం, ఆడడానికి కఠినం. పురుషుల పోటీలో రెండు ఇనుప కడ్డీలను 40 అడుగుల ఎడంలో నాటుతారు. కడ్డీ మందం ఒక్క అంగుళమే. ఆటకోసం ప్రత్యేకంగా తయారుచేసిన లాడం సుమారు 1.2 కిలోల బరువు ఉంటుంది. దాని నోటి వెడల్పు మూడున్నర అంగుళాలకు మించదు. విసిరిన లాడం కడ్డీని తనలో ఇముడ్చుకొని పడితే దానిని ‘రింగర్’ అంటారు. దానికి 3 పాయింట్లు లభిస్తాయి. అయితే ప్రత్యర్థి కూడా రింగర్ వేస్తే రెండూ చెల్లుకు చెల్లు అవుతాయి. అందువల్ల సమఉజ్జీల మధ్య పోటీలో ఎవరు ఎన్నిసార్లు గురి చూసి కొట్టారన్నది కాక, ఎవరి గురి ముందుగా తప్పిందన్నదే ప్రధానమవుతుంది.

గాలిలో తిరుగుతూ పోయే లాడం కడ్డీని చేరే వేళకు దాని నోరు సరిగ్గా కడ్డీవైపే ఉండాలి. ఇందుకోసం కొందరు ఒకటింపావు చుట్టు, మరికొందరు ఒకటిముప్పావు చుట్టు తిరిగేటట్లు విసురుతారు. చేయి గడియారపు లోలకంలా ఊగాలి. ప్రతి విసురూ ముందటి విసురులాగానే ఉండాలి. బలం కంటె నిలకడ ముఖ్యమైన ఆట ఇది.

విలియమ్స్ 1959లో కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించాడు. బాల్యంలోనే ఈ ఆటలో ఆరితేరాడు. 1971లో, పన్నెండేళ్ళు నిండకముందే, బాలుర ప్రపంచ విజేత అయ్యాడు. అతని గురిని చూసి ‘డెడ్ ఐ’ అని పిలిచేవారు. గురి తప్పని కన్ను అని దాని భావం. పురుషుల విభాగంలో అతడు 1978, 1980, 1981, 1985, 1991, 1994 సంవత్సరాలలో ప్రపంచ విజేతగా నిలిచాడు.

ఇన్ని విజయాలు సాధించినా లాడాల ఆట జీవనోపాధి కాజాలదు. అందులో బహుమతి ధనం స్వల్పం. పోమోనాలోని కాలిఫోర్నియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివిన విలియమ్స్, బౌలింగ్‌ను వృత్తిగా స్వీకరించాడు. ఇది క్రికెట్‌లోని బౌలింగ్ కాదు. 60 అడుగుల దూరాన నిలిపిన పది పిన్నులను, నునుపైన చెక్కబాట మీద బరువైన బంతిని దొర్లించి పడగొట్టే ఆట. లాడాన్ని విసరాలి, బంతిని దొర్లించాలి. పనిముట్లు వేరు, నియమాలు వేరు. కాని రెండింటిలోనూ చేయి భుజం కింద నుంచి లోలకంలాగే ఊగుతుంది. రెండింటికీ కావలసింది ఒకే చర్యను మార్పు లేకుండా మళ్ళీ మళ్ళీ చేయగల నిలకడే.

ఆ నిలకడ ఫలించింది. 1985లో లాడాల ఆటలో ప్రపంచ విజేత అయిన అతడు 1986లో వృత్తి బౌలర్ల సంఘం ఎంపిక చేసిన ఆ ఏటి ఉత్తమ క్రీడాకారుడయ్యాడు. ఈ గౌరవం మొత్తం ఏడుసార్లు అతనికి దక్కింది. ఎర్ల్ ఆంథోనీ సాధించిన 43 విజయాలను అధిగమించి 47 విజయాలతో చరిత్రకెక్కాడు. 2010లో, యాభై ఏళ్ళు నిండిన తరువాత కూడ, ‘మాస్టర్స్’ పోటీని గెలుచుకున్నాడు.

కీర్తి, ధనం లభించిన పిమ్మట విలియమ్స్ మొదటి ఆటను మరచిపోలేదు. 1993లో బౌలింగ్‌లో ఉత్తమ క్రీడాకారుడైన అతడు 1994లో మళ్ళీ లాడాలు చేతబట్టి ప్రపంచ విజేత అయ్యాడు. ఆ విజయం సామాన్యమైనది కాదు. తరువాతి కాలంలో ఇరవైకి పైగా ప్రపంచ విజయాలు సాధించిన అలన్ ఫ్రాన్సిస్ అప్పటికే రంగంలో ఉన్నాడు. 1993లోను, 1995లోను విజేత అతడే. ఆ రెండేళ్ళ నడుమ కిరీటం విలియమ్స్‌ది.

విలియమ్స్ బాల్యంలో నేర్చుకున్నది కేవలం లాడాలు విసరడం కాదు. ఒక పనిని నిర్దుష్టంగా చేయడం. ఏ విద్యలోనైనా శ్రద్ధతో పొందిన నేర్పు ఆ విద్యతోనే ఆగిపోదు. అది మనిషి స్వభావంలో భాగమై, అతడు చేపట్టిన మరొక పనికి తోడు వస్తుంది. ప్రతిఫలం కనబడని చోట చేసిన శ్రమ కూడ వృథా కాదని ఈ క్రీడాకారుని జీవితం నిరూపిస్తున్నది.