గది కిక్కిరిస్తే అడగొచ్చు

శివకాశి, సాత్తూరు ప్రాంతం నాయక రాజుల కాలం నుంచి తెలుగువాళ్లు స్థిరపడిన చోటు. బాణసంచా పనికి పేరుపడిందీ ఇక్కడే. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు 30 మందికి పైగా పొట్టన పెట్టుకుంది.

మందు రాపిడికే అంటుకుంటుంది. నైలాన్ చీర నుంచి పుట్టే నిప్పురవ్వ చాలు. అందుకే నూలు బట్టలు, ఇనుము కాని పనిముట్లు, గదికి ఇంతమందే అన్న లెక్క. పీసు రేటు పనిలో ముందుగా గాలికి పోయేది ఈ లెక్కే!

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం ప్రమాదం లేని పనిచోటు చూపాల్సింది యజమానే. జాగ్రత్తలు పాటించడం, లోపం కనబడితే చెప్పడం కూలీ వంతు. ప్రాణం మీదికొస్తుందనిపిస్తే యజమానికీ, వెంటనే తనిఖీ అధికారికీ చెప్పుకునే హక్కుంది. పని పోతుందన్న భయమా? నలుగురూ కలిసి వెళ్లండి. నోటిమాటగా కాదు, కాగితం మీద. తమిళంలో రాయించినా సరే, నకలు మాత్రం దగ్గరుంచుకోండి.