బస్తర్‌లో మలేరియా తగ్గిందా? ఏ పరీక్షను అడగాలి?

2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ డివిజన్‌లో 'మలేరియా ముక్త్ బస్తర్' తొలి విడత జరిగింది. జ్వరం ఉన్నా లేకున్నా ఇంటింటికీ వెళ్లి, వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించారు. సుమారు 14.06 లక్షల మందిలో 64,646 మందికి, అంటే 4.6 శాతానికి మలేరియా ఉన్నట్లు తేలింది. వారిలో సగానికి పైగా మందిలో ఏ లక్షణాలూ లేవు. జూన్, జులైలలో జరిగిన రెండో విడతలో దాదాపు 23.75 లక్షల మందిని పరీక్షిస్తే 30,076 మందికే, అంటే 1.27 శాతానికి ఉంది.

తగ్గుదల నిజమా, యాదృచ్ఛికమా? డిగ్రీ విద్యార్థి చేతికి ఈ అంకెలిస్తే వెంటనే రెండు నిష్పత్తుల జెడ్ పరీక్ష చేస్తాడు. 'రెండు విడతల్లోనూ రేటు ఒకటే' అన్నది శూన్య పరికల్పన. తేడా 3.33 శాతం పాయింట్లు, ప్రామాణిక దోషం 0.017. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే జెడ్ విలువ సుమారు 200. సాధారణంగా 1.96 దాటితేనే శూన్య పరికల్పనను తిరస్కరిస్తారు.

ఇంత పెద్ద విలువ చూసి సంబరపడనక్కర్లేదు. లక్షల మందిని పరీక్షించినప్పుడు 0.04 శాతం పాయింట్ల తేడా కూడా ఆ గీత దాటేస్తుంది. పైగా ఒకరి ఫలితానికీ మరొకరి ఫలితానికీ సంబంధం లేదన్నది ఈ పరీక్ష షరతు. మలేరియా అలా రాదు. ఒక ఇంట్లో కుట్టిన దోమే పక్కింట్లోనూ కుడుతుంది. మూడొందల మంది ఉన్న ఊరు మూడొందల వేర్వేరు సాక్ష్యాలు కాదు. అందుకే మనుషులను కాక ఊళ్లను లెక్క యూనిట్లుగా తీసుకోవడం మేలు.

అంతకన్నా ముఖ్యమైన చిక్కు మరొకటుంది. రెండో విడతలో 9 లక్షలకు పైగా అదనంగా పరీక్షించారు. వారు మలేరియా తక్కువగా ఉండే ప్రాంతాల వారైతే, ఒక్కరికీ నయం కాకపోయినా సగటు రేటు పడిపోతుంది.

రెండు విడతల్లోనూ పరీక్ష చేయించుకున్న వారిని మాత్రమే పోలిస్తే ఈ చిక్కు తీరుతుంది. దానికి తగినది జతల కోసం ఉన్న మెక్‌నెమార్ పరీక్ష. ఊహకు ఒక ఊరు తీసుకుందాం. మొదట పాజిటివ్ వచ్చి తర్వాత నెగెటివ్ అయినవారు 18 మంది, తిరగబడినవారు 6గురు. ఫలితం మారని వారి సంఖ్య ఇక్కడ అక్కర్లేదు. తేడా 12, దాని వర్గం 144. దాన్ని మొత్తం 24తో భాగిస్తే 6 వస్తుంది. 5 శాతం స్థాయిలో హద్దు 3.84 కాబట్టి, ఆ ఊళ్లో తగ్గుదల యాదృచ్ఛికం అనడం కష్టం.

అది మందుల వల్లా, చలికాలం పోయి వానలు రావడం వల్లా అన్నది ఈ పరీక్ష కూడా చెప్పలేదు. అందుకు అదే నెలల్లో కార్యక్రమం చేరని ఊళ్ల లెక్కలూ కావాలి. ఇక మెక్‌నెమార్ చేయాలంటే జనవరి రిజిస్టర్‌లోని మనిషిని జూన్ రిజిస్టర్‌లో గుర్తుపట్టగలగాలి. ఆ ఏర్పాటు తొలి చుక్క రక్తం తీసిన రోజే జరగాలి.