పరీక్ష ముందు బ్రాహ్మి వేసుకుంటే జ్ఞాపకశక్తి పెరుగుతుందా?

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, వచ్చే వారం పరీక్షలు, బ్రాహ్మి టాబ్లెట్లు వేసుకోవచ్చా?" ముందు నా అనుభవం చెప్తాను.

డిగ్రీలో పరీక్షలకి మూడు రోజుల ముందు నేనూ ఒక డబ్బా కొన్నాను. పరగడుపున వేసుకున్నాను, రాత్రంతా మేల్కొని చదివాను. తీరా హాల్లో కూర్చుంటే కడుపులో వికారం, బుర్రలో శూన్యం. తప్పు బ్రాహ్మిది కాదండీ, నాదే.

ఎందుకో చూద్దాం. మెదడు బరువు మన ఒంటి బరువులో సుమారు 2 శాతమే. కానీ ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో 20 శాతం దాకా దానికే కావాలి. ఆక్సిజన్ ఖర్చయ్యే చోట ఫ్రీ రాడికల్స్ పుడతాయి. ఇవి పక్కనున్న కణాల్ని దెబ్బతీస్తాయి. ఎక్కువ రోజులు టెన్షన్ పడినా, నిద్ర చాలకపోయినా ఈ భారం పెరుగుతుంది. దాన్ని అదుపు చేసేవే యాంటీ ఆక్సిడెంట్లు.

బ్రాహ్మిలో బాకోసైడ్స్ అనే పదార్థాలున్నాయి. మనుషులపై చేసిన పరిశోధనల్లో చాలావాటిలో రోజుకి 300 మిల్లీగ్రాముల సారాన్ని దాదాపు 12 వారాలు ఇచ్చి చూశారు. కొన్నింటిలో జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది, అన్నింట్లో కాదు. గమనించారా? 12 వారాలు! నేనేమో మూడు రోజుల్లో అద్భుతం జరగాలనుకున్నా. పైగా ఖాళీ కడుపుతో వేసుకుంటే కొందరికి వికారం, విరేచనాలు వస్తాయి.

ఇంకో తిరకాసు, పేరు. మన దగ్గర సరస్వతి ఆకు అని పిలిచేది ఎక్కువగా మండూకపర్ణి, గుండ్రటి ఆకులుంటాయి. దాన్ని కూడా కొందరు బ్రాహ్మి అంటారు. ఈ పరిశోధనలు జరిగిన మొక్క బకోపా మొన్నిరి. డబ్బా మీద ఆ పేరుందో లేదో చూడండి. థైరాయిడ్‌కో, ఫిట్స్‌కో మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

మరి రోజూ ఏం చేయాలి? ఉసిరికాయ తినండి, అందులో విటమిన్ సి బోలెడు. నేరేడు పండ్ల ఊదారంగు కూడా యాంటీ ఆక్సిడెంటే. చారులో కరివేపాకు ఏరి పక్కన పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం నిద్ర. పగలు చదివింది మెదడులో స్థిరపడేది చాలావరకు అప్పుడే. ఆ రాత్రి నేను పోగొట్టుకున్నది అదే. రేపు పరీక్ష ఉంటే, ఈ వీడియో అయిపోగానే ఫోన్ పక్కన పెట్టి పడుకోండి. ఉంటాను మరి.