పాత కారు – ఎలక్ట్రానిక్ మెదడు

ఇంజనులో గాలి, పెట్రోలు తగు పాళ్లలో కలిసినప్పుడే దహనము సక్రమముగా జరుగును. చాలా కాలము ఈ పనిని కార్బురేటరు చేసినది. అమెరికాలో పొగపై నిబంధనలు వచ్చిన తరుణములో, జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1967లో ‘డి-జెట్రోనిక్’ పద్ధతిని ఫోక్స్‌వాగన్ 1600 కారుకు అమర్చి, ఆ భారమును ఎలక్ట్రానిక్ సాధనములకు అప్పగించినది. పిమ్మట వోల్వో, సాబ్, సిట్రోయెన్ సంస్థలును దీనిని స్వీకరించినవి.

‘డి’ అనగా జర్మన్ భాషలో ‘ద్రుక్’, అంటే పీడనము. ఇంజను గాలి పీల్చు గొట్టములోని పీడనమును ఒక సాధనము కొలుచును. డిస్ట్రిబ్యూటరులోని కాంటాక్టులు సమయమును, మరొక సాధనము వేడిమిని తెలుపును. వీనినిబట్టి ట్రాన్సిస్టర్ల పెట్టె ఇంజెక్టర్లను సెకనులో స్వల్పభాగము తెరచి ఉంచును. పెట్రోలు పీడనము సుమారు 2 వాతావరణ పీడనముల వద్ద స్థిరముగా ఉండును గనుక, ఎంతసేపు తెరచి ఉన్నదో అంత పెట్రోలు ప్రవేశించును.

ఇట్టి కారు మొరాయించినచో పలువురు ముందుగా ఆ పెట్టెనే నిందింతురు. కొందరు మొత్తము పద్ధతినే తీసివేసి కార్బురేటరు బిగించిరి. కాని దోషము తరచుగా చిన్న వస్తువులలోనే ఉండును. కావున మనము ఒక క్రమమును పాటింపవలెను.

మొదట రబ్బరు గొట్టములు చూడవలెను. ఇది ప్రాణములకు సంబంధించిన విషయము. పీడనముతో పారు పెట్రోలు పగిలిన గొట్టము నుండి వేడి ఇంజనుపై చిమ్మినచో కారు దగ్ధమగును. ఇథనాలు కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరును త్వరగా చెరచును. ఇంజెక్షనుకు తగిన కొత్త గొట్టములనే వాడవలెను.

రెండవది, తీగల కొసలు, ఎర్తు. తుప్పు పట్టిన కొసలను శుభ్రపరచవలెను. వేడిమి తెలుపు తీగ తెగినచో, ఇంజను మిక్కిలి చల్లగా ఉన్నదని పెట్టె భ్రమించి పెట్రోలు అధికముగా పోయును. నల్లని పొగ వచ్చును.

మూడవది, గాలి లీకులు. గాలిగొట్టములో చిన్న చీలిక ఉన్నను పీడనపు లెక్క తప్పును. పీడన సాధనములోని పలుచని రేకు చిట్లుటయు కలదు; చేతిపంపుతో శూన్యము కల్పించి, అది నిలుచునేమో పరీక్షింపవచ్చును. ఆ సాధనపు మరలను మాత్రము ఊరక త్రిప్పరాదు. కర్మాగారములో కుదిర్చిన కొలత ఒకసారి చెదరినచో తిరిగి కుదుర్చుట బహు కష్టము.

ఇవన్నియు సరియని తేలిన పిదపనే పెట్టెను అనుమానింపవలెను. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగను ఎన్నడును ఊడదీయరాదు, పెట్టె చెడిపోవచ్చును. 1970 దశకములోనే గాలి ప్రవాహమును కొలుచు ‘ఎల్-జెట్రోనిక్’ రాగా ఈ పద్ధతి వెనుకబడినది. నేడు మిగిలిన ప్రతి భాగమును కాపాడుకొనదగినదే.